విరుగుడు

తుంటి ఎముక విరిగిన మూడో రోజున
ఆక్యురేరి ఆసుపత్రిలో మా వార్డుకి వచ్చింది స్టెయినున్.
ఎనభై నాలుగేళ్ళు, నలభై ఆరు కిలోలు.
గొర్రెల దొడ్డి గడప మీద మంచు గట్టిపడి ఉందట.
"తప్పు మంచుది కాదు, గొర్రెదీ కాదు,
తొందర నాది" అంది.

నా ఉద్యోగం లెక్కలు వేయడం.
కిలోకి గ్రామున్నర చొప్పున
రోజుకి డెబ్బై గ్రాముల ప్రొటీన్ కావాలి ఆమెకి.
పళ్ళెంలో వదిలేసినవి తీసేస్తే
ఇరవై కూడా దాటడం లేదు.
తొడ కండ పాత మేజోడులా వదులై జారుతోంది.
కండ కరిగితే కాలు నిలవదు,
కాలు నిలవకపోతే ఇంటికి పంపరు.
ఇదంతా చెప్పాను.
ఆమె కిటికీలోంచి సముద్రపు పాయ వైపు చూస్తూ
ఎవరి గురించో వింటున్నట్టు విన్నది.

డబ్బా తెరిచాను.
తెల్లటి పొడి, వెనిలా వాసన,
పైన కండలు తిరిగిన కుర్రాడి బొమ్మ.
నీళ్ళలో కలిపి ఇస్తే
ఒక గుక్క తాగి, మొహం చిట్లించి,
నాలుకతో పై పెదవిని వెతుక్కుని
"ఏమిటిది?" అంది.
"పాలు విరిచాక మిగిలే తేట.
ఎండబెట్టి పొడి చేస్తారు."

నవ్వింది. కుట్లు పట్టి లాగేటంత నవ్వు.
పక్క మంచం మీది గుడ్‌బ్యోర్గ్ ఉలిక్కిపడి లేచింది.
"మిస! దీన్ని మేం మిస అంటాం పిల్లా!
దీని మీద ఈ కుర్రాడెందుకు?
మా అమ్మ బొమ్మ వేయాలి."

ఇక ఆగలేదు.
వెన్న తీసిన పాలు కాచి
మణికట్టుకి గోరువెచ్చగా తగిలేదాకా ఆరబెట్టి
నిన్నటి స్కీర్ ఒక గరిటె,
దూడ పొట్ట పొర నానిన నీళ్ళు నాలుగు చుక్కలు.
ఉన్ని దుప్పట్లో చుట్టిన ఆ కుండని
పసిబిడ్డని దాటినట్టు దాటేవారట అందరూ.
తెల్లారి గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే
రాత్రంతా చుక్క, చుక్క, చుక్క.
ఆ చప్పుడు లేని ఇంట్లో
తనకి పెళ్ళయ్యాక నెల రోజులు నిద్ర పట్టలేదట.

గుడ్డలో నిలిచింది స్కీర్. కారింది మిస.
గడ్డి కోతల్లో నీళ్ళు కలిపి తాగడానికి కొంత,
తక్కినదంతా పీపాలోకి.
"డెయిరీ వచ్చాక పాలు వాళ్ళకి పోశాం.
వాళ్ళు మిసని ఏట్లో పోశారు.
ఇప్పుడు డబ్బాలో పోసి అమ్ముతున్నారన్నమాట!"

లెక్కల మనిషిని కదా, ఊరుకోలేకపోయాను.
ఆ తేటలో ప్రొటీన్ ఎంతని?
లోటాకి ఒక గ్రాము, మహా అయితే రెండు.
ఈ ఒక్క డబ్బాకి వంద లీటర్లు పైనే కావాలి.
స్కీర్ అయితే వేరు,
వంద గ్రాములకి పదకొండు.
బలమంతా మూటలోనే ఉండిపోయింది, అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. నొచ్చుకుందనుకున్నాను.
"మిస మాకు బలమిచ్చిందని ఎవరన్నారు?
పీపాలో గొర్రె తలకాయలు ఊరేసేవాళ్ళం,
నెత్తుటి సాసేజీలు, తిమింగలం కొవ్వు.
ఆరు నెలల చీకట్లో ఒక్క ముక్క పాడైతే ఒట్టు.
మిస మాంసాన్ని కాపాడేది, అంతే.
ఇప్పుడూ అదే పని కదా దానికి?
ఈసారి పీపాలో ఉన్నది నేను."

పాలు విరిగితే విరుగుడు,
విషానికి వేసే మందూ విరుగుడే.
విరిగిన ఎముకకి ఏమంటారో
నా పుస్తకాల్లో వేరే పేరుంది.

మర్నాడు మేనల్లుడు బ్యార్ట్‌మార్
తడి గుడ్డలో పిడికెడు స్కీర్ తెచ్చాడు,
కారు సీటంతా కారిందని సణుక్కుంటూ.
తూకం వేస్తానంటే మూట ఇవ్వలేదామె.
చెంచాతో కోసి, మీగడ పోసి, కళ్ళు మూసుకుని తిన్నది.
తర్వాత తనే చెయ్యి చాపి
"ఆ కుర్రాణ్ణి కూడా ఇటివ్వు" అంది.

పన్నెండో రోజు వాకర్ పట్టుకుని తలుపుదాకా నడిచింది,
దారంతా నన్ను తిడుతూ.
పట్టికలో అరవై ఎనిమిది అని రాశాను.
రెండు గ్రాములు తక్కువే.
డబ్బా తీసి చూస్తే
కుర్రాడి తలకి ఎవరో నీలం పెన్నుతో
పొందిగ్గా తలగుడ్డ కట్టి ఉన్నారు,
గడ్డం కింద ముడి వేసి.